ముల్లు ఊగితే మీటరుని తిట్టకండి

పెట్రోలు బంకులో అనుమానమొస్తే ఏం చేస్తాం? "ఆ అయిదు లీటర్ల కొలపాత్ర ఓసారి పట్టుకురా" అంటాం. (సరే, వెనకాల నలుగురు హారన్లు కొడతా ఉంటే ఎవరూ అడగరనుకోండి. అడిగే హక్కయితే ఉంది.) మరి వంటింట్లో పైప్ గ్యాసు మీటరు మీద అనుమానమొస్తే? ఏ పాత్ర పడతాం, ఎక్కడ పడతాం? గాలిని కొలవటానికి మన దగ్గర తవ్వా సోలా లేవు కదా. గోడకి తగిలించిన ఆ డబ్బా ఎంత చెప్తే అంత, నోరుమూసుకుని కట్టటమే.

అంటే ఆ మీటరు మన గోడ మీదకి రాకముందే ఎవరో ఒకరు దాన్ని సరిగ్గా సరిచూసి ఉండాలి. అలా సరిచూసే బెంచికి సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మాది రేపల్లె దగ్గర పల్లెటూరు, చదివింది బాపట్లలో, ఉద్యోగం హైదరాబాదులో, ఆ బెంచిని తీసుకెళ్ళి బిగించింది తెనాలి దగ్గర ఒక చిన్న యూనిట్లో. 2023 నవంబరు చివర్లో సంగతి. అక్కడ నేను చేసిన తప్పు గురించి చెప్పాలని చాలా రోజుల్నించీ అనుకుంటున్నా. తప్పు నాది కాబట్టి ధైర్యంగా చెప్పొచ్చు :)

ముందు బెంచి ఎలా పనిచేస్తుందో చెప్పాలి. చాలా తేలిక. ఒక చివర గదిలోని గాలి, ఇంకో చివర వాక్యూమ్ పంపు. మధ్యలో మనం సరిచూడాల్సిన మీటరు, దాని తర్వాత ఒక నాజిల్. పంపు పీలుస్తుంది, గాలి మీటర్లోంచి నాజిల్లోకి, నాజిల్లోంచి పంపులోకి పోతుంది. నాజిల్లోంచి ఎంత గాలి పోతుందో మనకి ముందే తెలుసు. మీటరు అంతే చూపిస్తే మంచిది, లేకపోతే దాన్ని సర్దాలి.

"నాజిల్లోంచి ఎంత పోతుందో ముందే ఎలా తెలుసు?" అన్నదే అసలు ప్రశ్న. దీనికి జవాబు నాకు పుస్తకంలో కన్నా కాలవ గట్టు మీద బాగా అర్థమైంది.

తెనాలి ఊళ్ళోంచి పోయే కాలవలు చూసే ఉంటారు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట కట్టారు, 1957కి దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కణ్ణించి నీళ్ళు దుగ్గిరాల మీదుగా, తెనాలి మీదుగా మా రేపల్లె శివారు భూముల దాకా వస్తాయి. కాలవలో నీళ్ళు ఒక గట్టు మీంచి కిందకి దూకే చోటు చూడండి. కింద నీటిమట్టం బాగా తక్కువున్నంత సేపూ, గట్టు మీంచి ఎంత నీరు దూకుతుందన్నది పైనున్న మట్టం మీదే ఆధారపడుతుంది. కింద ఒక అడుగు తగ్గినా పెరిగినా పైవాడికి ఏమీ తెలీదు. కానీ కింద నీళ్ళు పెరిగి పెరిగి గట్టు అంచుని దాటాయనుకోండి, కథ మారిపోద్ది. కిందనుంచి ఎగదన్నుతుంది, దూకే నీరు తగ్గుతుంది. ఇక పైన మట్టం ఒక్కటే చూసి లెక్కగట్టే వీల్లేదు.

నాజిల్లో గాలికీ సరిగ్గా ఇంతే. ముందున్న పీడనంలో నాజిల్ వెనకాల పీడనం సుమారు 0.528 వంతుకి గానీ, అంతకన్నా కిందకి గానీ దిగితే, నాజిల్ గొంతులో గాలి ధ్వని వేగాన్ని అందుకుంటుంది. ఆ తర్వాత వెనకాల ఎంత గట్టిగా పీల్చినా ఒక్క చుక్క ఎక్కువ రాదు. వెనకాల సంగతి ముందుకి తెలియాలంటే అది ధ్వని వేగంతోనే ఎదురు రావాలి, గొంతులో గాలి అదే వేగంతో ఎదురొస్తుంటే ఇంకెక్కడ దాటుతుంది? అందుకే దీన్ని సోనిక్ నాజిల్ అంటారు. దీనికి ఐ.ఎస్.ఓ 9300 అని ఒక ప్రమాణం కూడా ఉంది. 1990లో మొదలై, 2005లోనూ 2022లోనూ తిరగరాశారు. గొంతు తర్వాత పొడుగ్గా వెడల్పయ్యే గొట్టం ఉన్న నాజిళ్ళకి ఇంత లోతు వాక్యూమ్ అక్కర్లేదు. మా బెంచిలోది ఆ గొట్టం లేని సాదా రకం కాబట్టి 0.528 లెక్కే వర్తిస్తుంది.

ఇప్పుడు నా ఘనకార్యానికి వద్దాం.

బెంచి తయారైంది, టెస్టయింది అంతా హైదరాబాదులో. హైదరాబాదు సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పీడనం సుమారు 95 కిలోపాస్కల్స్. దాన్ని 0.528తో గుణిస్తే 50. అంటే వాక్యూమ్ గేజి మీద 45 కనిపిస్తే చాలు, నాజిల్ మన మాట వింటుంది. నేనేం చేశానంటే కోడులో "వాక్యూమ్ 45 దాటితే పచ్చ లైటు" అని రాసేశా. ఆ 45 ఎక్కణ్ణించి వచ్చిందో కామెంట్ కూడా పెట్టలేదు. హైదరాబాదులో బ్రహ్మాండంగా పనిచేసింది.

తెనాలి దాదాపు సముద్రమట్టంలోనే ఉంటుంది. అక్కడ పీడనం 101. దాన్ని 0.528తో గుణిస్తే 53 పైచిలుకు. అంటే గేజి మీద 48 కావాలి. 45 చాలదు! మామూలు వాక్యూమ్ గేజి చెప్పేది "బయటి గాలి కన్నా ఎంత తక్కువ" అనే గానీ, "లోపల ఎంత ఉంది" అని కాదు. బయటి గాలి మారితే దాని సున్నా మారిపోయినట్టే. బీటెక్ లో గేజ్ ప్రెషర్, అబ్సొల్యూట్ ప్రెషర్ తేడా రెండు మార్కుల ప్రశ్న. నేను రెండు మార్కులూ తెచ్చుకున్నా కూడా. ఏం లాభం!

తెనాలిలో పంపు 46 దగ్గర నిలబడింది. నా కోడు నిక్షేపంగా పచ్చ లైటు వెలిగించింది. అంతటితో ఆగినా పెద్ద నష్టం లేకపోను. 46 దగ్గర నాజిల్ ఇంకా దాదాపు పూర్తిగానే పారుతుంది, తేడా శాతంలో చిన్న భాగం. కానీ ఆ యూనిట్లో ఇంకో బెంచి ఉంది. ఖర్చు కలిసొస్తుందని రెంటికీ ఒకటే పంపు, ఒకటే హెడర్ పైపు. పక్క బెంచి వాల్వు తెరుచుకున్నప్పుడల్లా మాకు 46 కాస్తా 38కి పడిపోయేది, మళ్ళీ లేచేది. నేను వాక్యూమ్ ని టెస్టు మొదట్లో ఒక్కసారే చూసేవాణ్ణి. మధ్యలో పడిపోతే చూసే నాథుడు లేడు.

మరి నాకేం కనిపించింది? మీటరు రీడింగు ఊగుతా కనిపించింది. సాఫ్ట్‌వేర్ వాడికి ఊగే గ్రాఫు కనిపిస్తే ఏం చేస్తాడు? నేనూ అదే చేశా. ముప్ఫై సెకన్ల మూవింగ్ యావరేజ్ పెట్టా. గ్రాఫు ఇస్త్రీ చేసిన చొక్కాలా అయిపోయింది. డెమోలో అందరూ శెభాష్ అన్నారు. రెండు రోజుల పాటు మీటర్లు వరసగా టెస్టయ్యాయి. అన్నీ కొంచెం తక్కువ చూపిస్తున్నాయని తేలింది, సుమారు ఒక శాతం. "ఈ లాటు మీటర్లే అంత" అనుకుని ఒక్కో మీటరుకీ గేరు మార్చి ఒక శాతం పెంచుతున్నారు.

అక్కడ ఒక పెద్దాయన ఉన్నాడు. ఫిట్టరు. తెనాలిలోనే లేత్ మీద జీవితమంతా గడిపిన మనిషి. మూడోరోజు నా పక్కన స్టూలేసుకు కూర్చుని స్క్రీను చూళ్ళేదు, కళ్ళు మూసుకున్నాడు. కాసేపాగి,

"అబ్బాయ్, పంపు గొంతు మారతంది, వినపళ్ళా?" అన్నాడు.

"ఏ గొంతు బాబాయ్ గారూ?"

"అవతల వాల్వు టక్కుమన్నప్పుడల్లా పంపు మూలుగుద్ది. పంపు మూలిగినప్పుడల్లా నీ మీటరు చేతులెత్తేస్తంది. మీటర్ని కాదయ్యా, దాని ఎనకాల ఉన్నదాన్ని చూడు."

లేచెళ్ళి పక్క బెంచి వాల్వు మూసొచ్చాడు. నేను యావరేజ్ తీసేసి చూశా. గ్రాఫు గీత గీసినట్టు ఉంది. యావరేజ్ అవసరమే లేదు!

ఆ రాత్రి లాడ్జిలో కూర్చుని లెక్కేశా. తెనాలిలో వాక్యూమ్ 38 అంటే, వెనకాల పీడనం ముందుదాంట్లో 0.625 వంతు. నాజిల్ సూత్రంలో పెడితే గాలి దాదాపు 2 శాతం తగ్గుతుంది. సగం సేపు అలా, సగం సేపు మామూలుగా అంటే సరాసరి ఒక శాతం. బెంచి మాత్రం "నాజిల్లోంచి పూర్తి గాలి పోతోంది" అనే నమ్మింది. కాబట్టి మంచి మీటరు ఒక శాతం తక్కువ చూపిస్తున్నట్టు కనిపించింది. దాన్ని "బాగుచేసి" మనం ఒక శాతం ఎక్కువ తిరిగేలా చేశాం. ఇళ్ళలో పెట్టే మీటర్లలో 1.5 తరగతి వాటికి సాధారణ ప్రవాహంలో ఒకటిన్నర శాతం అటూ ఇటూ అనుమతి ఉంటుంది. అంటే మా మీటర్లు అన్ని పరీక్షలూ పాసయ్యేవి! పాసయి ఏళ్ళ తరబడి ఎవరెవరి వంటిళ్ళలోనో కూర్చుని, వంద రూపాయలకి రూపాయి చొప్పున ఎక్కువ లాగుతుండేవి. ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. నాకు కూడా.

నన్ను ఇప్పటికీ గుచ్చే విషయం ఇదే. రూపాయే కదా అంటారేమో. తక్కెడ కింద మైనం అంటించే వాడికి తాను చేస్తున్నది తెలుసు. నాకు తెలీకుండానే, నీటైన గ్రాఫు గీసి మరీ, ఆ పని చేశాను.

యావరేజ్ ఎందుకు పనిచెయ్యలేదో చూడండి, మన ఫీల్డు వాళ్ళకి ఇది ముఖ్యం. ఊగటం అనేది అసలు విలువకి అటూ ఇటూ సమానంగా ఉంటే సరాసరి తీస్తే నిజం దగ్గరకి వస్తాం. కానీ సోనిక్ నాజిల్లోంచి పూర్తి ప్రవాహం కన్నా ఎక్కువ రానే రాదు. వాక్యూమ్ చెడితే తగ్గటమే గానీ పెరగటం లేదు. ఒకవైపుకే ఊగేదాన్ని సరాసరి తీస్తే తప్పు పోదు, నున్నగా అవుతుంది అంతే. నున్నటి తప్పు గరుకు తప్పు కన్నా ప్రమాదం, ఎందుకంటే దాన్ని ఎవరూ తడిమి చూడరు.

"సోనిక్ అయ్యాక వాక్యూమ్ ఎటు ఊగినా పర్లేదన్నావు కదా, మళ్ళీ స్థిరమైన వాక్యూమ్ గోలేంటి?" అని మీకు అనుమానం రావచ్చు. న్యాయమైన ప్రశ్నే. నిజానికి గీతకి బాగా కింద ఊగితే ఊగనివ్వచ్చు. గీత దాటి పైకి రాకూడదు, అదొక్కటే షరతు. కానీ గీత దగ్గర్లోనే పంపుని నడిపిస్తే ప్రతి చిన్న ఊపూ గీత దాటుతుంది. కాబట్టి స్థిరత్వం అంటే ముల్లు కదలకపోవటం కాదు, ముల్లు కదిలినా కొలత కదలనంత వెసులుబాటు ఉంచుకోవటం. ఆ వెసులుబాటు ఊరికే రాదు. పెద్ద పంపు కావాలి, మధ్యలో ఖాళీ ట్యాంకు కావాలి, ఒక్కో బెంచికి వేరే లైను కావాలి. చూసేవాడికి ఇవన్నీ దండగలా కనిపిస్తాయి.

దండగ అంటే మా మావయ్య గుర్తొస్తాడు. రేపల్లె దగ్గర ఊళ్ళో గేదెలున్నాయి, పాలు పితికే మిషను కొన్నాడు. అదీ వాక్యూమ్ తోనే నడుస్తుంది, సుమారు 40 నించి 50 కిలోపాస్కల్స్ మధ్య. దానికి రెగ్యులేటర్ అని ఒకటుంటుంది, వాక్యూమ్ హద్దు దాటకుండా బయటి గాలిని కొంచెం కొంచెం లోపలికి వదులుతూ ఉంటుంది. ఆ 'సుయ్' మనే చప్పుడు విని మావయ్య "గాలి లీకవుతంది, కరెంటు దండగ" అని దానికి గుడ్డ చుట్టాడు. సాయంత్రానికి ఎప్పుడూ తన్నని గేదె బకెట్టుని తన్నింది. వాక్యూమ్ ఎక్కువై పొదుగు నొప్పెట్టింది మరి. గుడ్డ తీసేశాక గేదె సర్దుకుంది. "ఆ కారిపోయే గాలే దీన్ని కాపాడుద్దిరా" అన్నాడు మావయ్య.

బాపట్లలో చదివేటప్పుడు హైడ్రాలిక్స్ ల్యాబులో కూడా ఇదే చూశా. పైన ట్యాంకు ఎప్పుడూ పొంగి పొర్లుతూ ఉండేది. ఆ పొర్లే నీళ్ళు ఎందుకని అడిగితే, మట్టం మారకుండా ఉండాలంటే వాడుకునే దానికన్నా ఎక్కువ నీళ్ళు వస్తూనే ఉండాలి, మిగిలింది పొర్లిపోతూనే ఉండాలి అన్నారు మా సారు. అప్పుడు రికార్డులో రాసుకుని మర్చిపోయా. రెగ్యులేటరు గాలి, ట్యాంకులో పొర్లే నీళ్ళు, బెంచికి పెద్ద పంపు.. మూడూ ఒకటే. స్థిరంగా ఉండేదేదైనా కొంచెం వృథా చేస్తూనే స్థిరంగా ఉంటుంది. ఆ వృథాని కోసేద్దామనే మేనేజర్లకి ఎప్పుడూ చెయ్యి దురద.

మన ఆఫీసుల్లో చూడండి. నాలుగు టీములకి ఒకటే టెస్ట్ డేటాబేస్. పక్క టీము లోడ్ టెస్టు పెడితే మన టెస్టులు ఎర్రబడతాయి. మనం ఏం చేస్తాం? "ఫెయిలయితే మూడుసార్లు రీట్రై" అని పెడతాం. అదీ మూవింగ్ యావరేజే! పచ్చ లైటు వస్తుంది, రిలీజ్ వెళ్ళిపోతుంది. ఆ ఊగే టెస్టు ఏదో చెప్పటానికి ప్రయత్నిస్తోందని ఎవరూ అనుకోరు.

ఇక తెనాలి కథ ముగింపు. మర్నాడు పొద్దున్నే మా మేనేజరుకి ఫోన్ చేసి "రెండు రోజుల మీటర్లు మళ్ళీ టెస్టు చెయ్యాలి, తప్పు నా కోడుది" అని చెప్పా. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత తిట్లు, అవి ఇక్కడ రాయను :) అదృష్టం ఏంటంటే ఒక్క మీటరు కూడా షెడ్డు దాటి పోలేదు.

మధ్యలో మిచౌంగ్ తుఫాను వచ్చింది. డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. ముందురోజు స్నేహితుడిని చూద్దామని వెళ్ళి బాపట్లలో ఇరుక్కుపోయా. కరెంటు లేదు, బయట కొబ్బరిచెట్లు విల్లులా వంగిపోతున్నాయి. ఫోన్లో ఉన్న బారోమీటర్ చూస్తూ కూర్చున్నా. మామూలుగా 1010 చుట్టూ ఉండే హెక్టోపాస్కల్స్ వెయ్యి కిందకి జారాయి. అప్పటిదాకా నేను కోడులో 45 తీసేసి 48 పెడదామనుకుంటున్నా. ఆ రాత్రి అర్థమైంది, 48 కూడా అంతే తప్పని. గాలి పీడనం ఊరుని బట్టే కాదు, రోజుని బట్టి కూడా మారుతుంది. అక్కడ ఉండాల్సింది అంకె కాదు, బారోమీటరు.

తిరిగెళ్ళాక చేసినవి ఇవి. నాజిల్ ముందూ వెనకా అబ్సొల్యూట్ పీడనం కొలిచే సెన్సార్లు పెట్టాం. నిష్పత్తిని టెస్టు మొదట్లో ఒకసారి కాకుండా టెస్టంతా ప్రతి సెకనూ లెక్కిస్తాం. గీత దాటితే ఆ టెస్టు చెల్లదు, సర్దుబాటు లేదు, యావరేజ్ లేదు, మళ్ళీ మొదట్నించీ చెయ్యాల్సిందే. మధ్యలో ట్యాంకు పెట్టాం, పక్క బెంచికి వేరే పంపు వచ్చింది. 0.528 దాకా పోకుండా 0.48 దగ్గరే నడుపుతున్నాం. ప్రతి మీటరు రికార్డులో దాని ఫలితంతో పాటు ఆ సమయంలో వాక్యూమ్ ఎంతుందో కూడా దాస్తున్నాం. రోజూ పొద్దున్నే నాజిల్ ముందు పైపులు మూసి లీకు పరీక్ష చేస్తున్నాం, ఎందుకంటే మీటరుకీ నాజిల్ కీ మధ్య ఎక్కడైనా గాలి దూరితే అది మీటరు లెక్కలోకి రాకుండా నాజిల్ లెక్కలోకి వస్తుంది. అదీ మళ్ళీ మీటరు తక్కువ తిరుగుతున్నట్టే చూపిస్తుంది.

కేరళలో పాలక్కాడ్ దగ్గర ఫ్లూయిడ్ కంట్రోల్ రీసెర్చ్ ఇన్స్టిట్యూట్ అని ఉంది, ఫ్లో మీటర్ల కాలిబ్రేషన్ కి దేశంలో పేరున్న చోటు. అలాంటి చోట్ల సర్టిఫికెట్ తెచ్చుకున్న నాజిల్ మన దగ్గరుందని మురిసిపోతాం. కానీ ఆ సర్టిఫికెట్ నాజిల్ కి ఇచ్చారు గానీ మన పంపుకి ఇవ్వలేదు. నాజిల్ సత్యహరిశ్చంద్రుడే, వెనకాల వాక్యూమ్ నిలబడితేనే ఆయన నిజం చెప్పగలడు.

నా అభిప్రాయం ఇంతే. కొలత ఊగితే దాన్ని నున్నగా చెయ్యటానికి ముందు, అది దేన్ని ఆనుకుని నిలబడిందో అది నిలకడగా ఉందా లేదా చూడాలి. లేదంటే "నాకు తెలీదు, మళ్ళీ కొలుస్తా" అని ఎర్ర లైటు వెయ్యగలిగిన సాఫ్ట్‌వేరే నిజాయితీ ఉన్న సాఫ్ట్‌వేరు. ఎర్ర లైటు వేస్తే క్లయింటు విసుక్కుంటాడు, డెడ్ లైను పోతుంది, నిజమే. కానీ మనం వేసిన పచ్చ లైటుని నమ్మి బిల్లు కట్టేవాళ్ళు మన డెమోలో ఉండరు. వాళ్ళకి కొలపాత్ర అడిగే అవకాశం కూడా లేదు.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్తూ డెల్టా బండిలో తెనాలి స్టేషను దాటుతుంటే ఆ ఫిట్టరు బాబాయ్ గారికి ఫోన్ చేశా. బెంచి ఎలా ఉందండీ అనడిగితే, "నీ బెంచికేం, బానే ఉంది. పంపు గొంతు మాత్రం రోజూ వింటానే ఉన్నా" అన్నాడు.

మీ ప్రాజెక్టులో ఆ గొంతు వినేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?